ముందు చేతులు చూపించు

కిందటి నెల ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ కుక్క కారు వెనక సీటు తోలును గోళ్ళతో గీరేసింది. బాగుచేయడానికి ఒక మనిషి వచ్చాడు. చేతిలో నల్లపెట్టె, చెవుల్లో పాటలు. గీతల మీద ఏదో లేపనం పూశాడు, రంగు కొట్టాడు, చిన్న యంత్రంతో ఆరబెట్టాడు, ముప్పావు గంటలో పెట్టె మూసేశాడు. అంతసేపూ నేను పక్కన నిలబడి ఒక ప్రశ్న కోసం ఎదురుచూశాను. అతను అడగలేదు. ఉండబట్టలేక నేనే అన్నాను.

"ఇది ఎవరు గీరారో అడగవా భయ్యా?"

అతను చెవిలోంచి తీగ తీసి నా వంక వింతగా చూశాడు. "దాంతో నాకేం పని అంకుల్?" అన్నాడు హిందీలో. "రంగు కలిస్తే చాలు కదా."

నాకు ఆయన గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు ఇక్కడ రాయడం లేదు. కాగితం మీద తన పేరు కనబడడం ఆయనకు గిట్టేది కాదు. షెడ్డుకు బోర్డు కూడా పెట్టలేదు. "పేరు రాసినోడు దేనికి రాసినాడో నాకేటి తెలుసు?" అనేవాడు.

తొంభైల్లో సంగతి. ఢిల్లీ కంటోన్మెంట్ నుంచి పాలం వెళ్ళే దారిలో ఒక మోటారు గ్యారేజీ, దాని వెనక ఆయన రేకుల షెడ్డు. శ్రీకాకుళం వైపు మనిషి. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, కంచరగాడిదల దళంలో జీనులు కుట్టే పని చేశాడు. పింఛను వచ్చాక ఢిల్లీలోనే ఉండిపోయి కార్లలో తోలు సీట్లు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో తోలు సీట్ల కార్లు ఊళ్ళో తక్కువ. రాయబార కార్యాలయాల వాళ్ళు దేశం వదిలి వెళ్తూ అమ్ముకున్నవి, పెద్ద వ్యాపారులు విదేశాల నుంచి తెప్పించుకున్నవి. వాటి మీద గీతపడితే మామూలు సీటు పనివాళ్ళు మొత్తం విప్పి రెక్సిన్ వేద్దామనేవారు. తోలును తోలుగానే నిలబెట్టగలిగినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే.

"ఊరెళ్ళిపోలేదేం?" అని ఒకసారి అడిగాను.

"ఊల్లో అందరూ తెలిసినోల్లే బావూ. తెలిసినోల్ల మజ్జెన మరీ జాగర్తగా ఉండాల."

నాకు అప్పుడు ముప్పై రెండేళ్ళు. నెహ్రూ ప్లేస్‌లో ఒక ఎగుమతుల కంపెనీలో అడ్మిన్ ఆఫీసర్ని. కార్లు, కుర్చీలు, కరెంటు బిల్లులు, గార్డుల డ్యూటీలు అన్నీ నా నెత్తినే. మా ఎండీ గారికి ఒక జర్మన్ కారుండేది, లోపలంతా వెన్నరంగు తోలు. దాని సీటు కుట్టు ఒకచోట విడిపోతే, మా మయూర్ విహార్‌లో ఉండే ఒక తెలుగు హవల్దారు ఆయన చిరునామా చెప్పాడు. వెళ్ళి, నమస్కారం బాబాయ్ గారూ అన్నాను.

"బాబాయ్ అనొద్దు. బాబాయ్ అన్నోడు ఆ తరవాత ఏదో ఒకటి అడుగుతాడు." నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ముందు సేతులు సూపించు."

నాకు అర్థం కాలేదు. రెండు చేతులూ చాపాను. గోళ్ళు చూశాడు, ఉంగరం చూశాడు, గడియారం పట్టీ తిప్పి దాని కొక్కెం మీద బొటనవేలు రాశాడు. తర్వాత బెల్టు బకిల్ చూశాడు.

"ఆ సీట్లో కూర్చునేది నేను కాదండీ, మా ఎండీ గారు."

"సూపించడానికి నొప్పేటి?"

ఎవరు కారు తెచ్చినా ఇదే వరస. కర్నల్లయినా సరే, వాళ్ళ ఇంటావిడయినా సరే. గీత ఎలా పడిందో తెలియకుండా పూడిస్తే నెలలో మళ్ళీ అక్కడే పడుతుంది, అప్పుడు తన పనిని తిడతారు, అదీ ఆయన వాదన. అందులో నిజముంది. కానీ ఆయన చూపులో అంతకు మించింది ఇంకేదో ఉండేది. చేతుల్లోంచి మనిషిని పట్టుకుందామన్నట్టు చూసేవాడు. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగేవాడు. మొదటిసారి మామూలుగా. రెండోసారి మనం వేరే మాటలో ఉండగా, గోరువెచ్చని నీళ్ళు అడుగుతూనో దారం ఎక్కిస్తూనో. రెండు జవాబులూ ఒకటైతే తలాడించేవాడు. కాకపోయినా తలాడించేవాడు. ఆ రెండు తలాడింపులకూ తేడా ఉండేది.

రంగులన్నీ దగ్గుమందు సీసాల్లో ఉండేవి, ఒక్కదానికీ చీటీ లేదు. మూత తీసి వాసన చూసి ఏదేదో చెప్పేవాడు. పని మొదలుపెట్టే ముందు కారు అద్దాలకు లోపలి నుంచి పాత మిలటరీ దుప్పట్లు కట్టుకునేవాడు. ఎవరూ చూడకూడదు. ఏ కుర్చీ ఇచ్చినా తిరగేసి కాళ్ళు చూశాకే కూర్చునేవాడు.

సిటీ బస్సుల్లో అప్పట్లో రాసి ఉండేది, కూర్చునే ముందు సీటు కింద చూడండి, బాంబు ఉండవచ్చు అని. రోజూ అందరం చదివేవాళ్ళం, ఎవరం చూసేవాళ్ళం కాదు. ఆయన చూసేవాడు. ఒకసారి ఇద్దరం కలిసి నెహ్రూ ప్లేస్ వస్తున్నాం. ఖాళీ సీటు దొరికింది. మోకాళ్ళ మీద కూర్చుని, నడవలో నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నా వినకుండా, సీటు కింద చెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాడు. వెనకున్న ఒకాయన భయపడి దిగిపోయాడు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆయన మాత్రం తీరిగ్గా లేచి, చేతులు దులుపుకొని కూర్చున్నాడు. "ఏటీ నేదు," అన్నాడు.

ఇలాంటి మనిషి మీద నాకూ అనుమానాలుండేవి. ఆ సీసాల్లో ఏముందో, దుప్పటి చాటున ఏం చేస్తాడో, ఒక చోట బాగుచేసి మరో చోట తనే గీస్తాడేమో అని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. నగరమే అలా ఉండేది. గ్యాస్ బండ వస్తే సీలు చూసుకునేవాళ్ళం, తలుపు కొడితే ఇనుప జాలీ లోంచి ముఖం చూసి గానీ గడియ తీసేవాళ్ళం కాదు.

ఒక ఏప్రిల్ సోమవారం పొద్దున ఎండీ గారు నన్ను కిందికి, బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి రమ్మన్నారు. బొంబాయి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత ఆ రోజే వచ్చారు. కారు వెనక తలుపు తీసి వేలు చూపించారు. సీటు మీద జానెడు పొడుగున గీత. ఒక చివర లోతుగా చీరుకుని, లోపలి పీచు పైకి లేచింది.

"చాకు," అన్నారాయన. "ఎవరిదో నీకూ తెలుసు."

డ్రైవరు రాంఫల్‌దని ఆయన ఉద్దేశం. అతను రోహ్‌తక్ వైపువాడు, ఆరేళ్ళుగా ఆ కారు నడుపుతున్నాడు. గోధుమ కోతలకు పదిరోజులు సెలవు అడిగితే ఎండీ గారు ఇవ్వలేదు. అతను మొహం గంటు పెట్టుకున్న మాట నిజమే. జేబులో ముల్లంగి చెక్కు తీసుకునే చిన్న మడతచాకు ఉండేదన్న మాటా నిజమే.

ఎండీ గారు తాళాలు లాక్కుని, రాంఫల్‌ను గార్డుల గదిలో కూర్చోమన్నారు. నాతో అన్నారు: "సీటు బాగుచేయించు. చేసినవాడి చేత రాయించి సంతకం తీసుకో, ఇది చాకుతో కోసిందని. పోలీసుల దగ్గరికి వెళ్తే కాగితం కావాలి."

నేను పైకి వెళ్ళి ఆ కాగితం నేనే టైపు చేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు శుక్రవారం ఎండీ గారు బొంబాయిలో ఉండగా ఆ కారు నేను వాడుకున్నాను. మా ఆవిడకు ఏడో నెల. గుంటూరు నుంచి మా అత్తగారు సాయానికి వచ్చారు. స్టేషనుకు రమ్మంటే రాంఫల్ కాదనలేదు. డిక్కీలో జాడీలూ మూటలూ నిండిపోతే ఆవిడ పాత పెట్టెనూ మిరపకాయల సంచినీ వెనక సీటు మీద పెట్టించాను. పెట్టె మూల రేకు కాస్త ఊడి ఉంది. కారెక్కుతూ ఆవిడ సీటు నిమిరి, "మీ కారేనా బాబూ?" అన్నారు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. నవ్వాను. ఆ సాయంత్రమే ఆవిడ మా పక్కింటివాళ్ళతో "మా అల్లుడి కారు" అని చెప్పడం విన్నాను.

సోమవారం ఆ గీత చూడగానే ఇదంతా నాకు గుర్తొచ్చింది. గుర్తు రానట్టే ఉన్నాను. పైగా రాంఫలే చేసి ఉంటాడని నమ్మడం మొదలుపెట్టాను. సెలవు సంగతి ఉంది, చాకు ఉంది. ఒకరి మీద అనుమానం పెట్టుకోవడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. మన అవసరం కాస్త తోడైతే చాలు. గార్డుల గది ముందు నుంచి వెళ్తుంటే రాంఫల్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఫైలు చూసుకుంటూ వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం నేను పిలిపిస్తే షెడ్డు నుంచి ఆయన వచ్చాడు. బేస్‌మెంట్‌లో కారు తలుపు తెరిచి, ఆ గీత ముందు చాలాసేపు కూర్చున్నాడు. ముట్టుకోలేదు. తర్వాత రాంఫల్‌ను పిలిపించి చేతులు చూశాడు. చాకు అడిగి తీసుకుని, తన సంచిలోని తోలుముక్క మీద ఒక గీత గీసి, దాన్నీ సీటునూ మార్చి మార్చి చూశాడు. చాకు మడిచి అతని చేతిలో పెట్టాడు.

"నీ సేతులు?" అన్నాడు నావైపు తిరిగి.

"నావి ఎన్నిసార్లు చూడలేదు మాస్టారూ!"

"ఇయాల సూడనేదు."

చూపించాను. "ఈ మజ్జెన ఈ కారు ఎక్కినావా?" అన్నాడు.

"లేదు."

దుప్పట్లు కట్టుకున్నాడు. అరగంట తర్వాత తల బయటపెట్టి గోరువెచ్చని నీళ్ళు కావాలన్నాడు. తెచ్చి ఇస్తుంటే, "సేనా దినాలయిందా నువ్వీ కారెక్కి?" అన్నాడు.

"నేనెందుకు ఎక్కుతాను? అది ఎండీ గారి కారు."

తలాడించాడు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను కారు లోపలికి రమ్మన్నాడు. ఎవరినీ రానిచ్చింది లేదు, నన్నెందుకు పిలిచాడా అనుకుంటూ ముందు సీట్లో ఒదిగి కూర్చున్నాను. దుప్పట్ల లోంచి వచ్చే వెలుతురు మట్టిరంగులో ఉంది. స్పిరిటు వాసన, జిగురు వాసన. లేచిన పీచును బ్లేడుతో సన్నగా కోసేశాడు. సీటు అడుగున, ఎవరికీ కనబడని మడతలో తోలును గరుకు కాగితంతో రాపిడి పెట్టి పొడి తీశాడు. ఆ పొడిని జిగురుతో కలిపి గీతలో నింపుతున్నాడు. ఈ సీటు గాయానికి ఈ సీటు తోలే కావాలట. నింపినచోట ఒక తోలుముక్కను బోర్లించి, వేడినీళ్ళు పోసిన ఇత్తడి చెంబుతో అదిమి పట్టుకున్నాడు. అదిమి పట్టుకునే అడిగాడు.

"మీ ఎండీ గారు ఏటి తింటారు బావూ?"

"రోటీలు, పనీరు. నాకేం తెలుసు?"

ఎడమచెయ్యి జేబులో పెట్టి, తీసి, నా ముందు తెరిచాడు. అరచేతిలో ఎండుమిరపకాయ తొడిమ. అంచున ఎర్రటి తొక్క ఇంకా అంటుకుని ఉంది.

"సీటుకీ ఎనకదిండుకీ మజ్జెన దొరికినాది. ఈ ఊరోల్లు కారప్పొడి కొనుక్కుంటారు. తొడిమల్తో సంచి కట్టి రైల్లో మోసుకొచ్చీది మనోల్లే."

నేను దాన్ని అందుకోలేదు.

"ఈ గీత సాకు కాదు. సాకయితే ఒకే లోతున పోతాది, అంచు నున్నగుంటాది. ఇది పెట్టె మూల రేకు. లాగినారు. లాగేటప్పుడు ఎవుడూ సూడనేదు." చెంబు మీద నుంచి చెయ్యి తీయకుండానే అన్నాడు. "నువ్వు నాకు రెండుసార్లు నేదన్నావు."

"ఎండీ గారికి చెప్తారా?"

"అది నా పని కాదు. నాకు సీటు పని సెప్పినారు."

తొడిమను నా చొక్కా జేబులో ఆయనే వేశాడు. దాన్ని ఏం చేయమని కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే అత్తగారు, "కారు మళ్ళీ కనబడలేదేం బాబూ?" అన్నారు. సర్వీసింగుకు ఇచ్చానన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక మంచం కింద నుంచి పెట్టె లాగాను. మూల రేకు కత్తిలా బయటికి వంగి ఉంది. దాని కొసన వెన్నరంగు పీచు. పీచు గిల్లి పారేశాను. సుత్తి తెచ్చి రేకును చదును చేసేశాను. ఏమిటా చప్పుడని మా ఆవిడ అడిగింది. పెట్టె బాగుచేస్తున్నానన్నాను.

బుధవారం సాయంత్రం నాలుగింటికి పని అయిపోయింది. ఆయన దుప్పట్లు విప్పాడు. ఎండీ గారు కిందికి దిగి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని వెతికారు. గీత ఎక్కడుందో దొరకలేదు. నాకూ దొరకలేదు. ఎండీ గారి ముఖం వికసించింది. నా చేతిలోని కాగితం తీసుకుని ఆయన ముందు పెట్టారు.

"సంతకం చెయ్యి."

"చదువు రాదు సాబ్," అన్నాడు ఆయన హిందీలో. షెడ్డులో ఆయన పాత తెలుగు వారపత్రికలు అక్షరం వదలకుండా చదవడం నేను చూశాను.

ఎండీ గారు గార్డు చేత సిరాపెట్టె తెప్పించారు. ఆయన బొటనవేలు మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఇది చాకు కాదు సాబ్. ఏ కాగితం మీదా వేలు పెట్టను."

"డ్రైవరు నీకేం ఇచ్చాడు?"

"ఏమీ ఇవ్వలేదు. నేను అతన్నీ అనుమానించాను. చేతులు చూశాను, చాకు చూశాను. కాదు."

"మరి ఎవరు?"

"దానికి నన్ను పిలవలేదు సాబ్."

ఎండీ గారికి ఒళ్ళు మండింది. కాగితం లేకపోయినా పోలీసులు మాట్లాడతారని, వాళ్ళు అడిగే తీరులో అడిగితే ఎవరైనా చెప్తారని గార్డును రాంఫల్ కోసం పంపారు. రాంఫల్ వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కు కట్టుకుని ఉన్నాడు. ఎవరి వైపూ చూడడం లేదు. ఆయన మాత్రం సీసాలకు మూతలు బిగించుకుంటూ, ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. బస్సు సీటు కింద తడిమేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు.

"సర్," అన్నాను. "శుక్రవారం కారు నేను వాడాను. స్టేషనుకు. మా సామాను గీరుకుంది."

ఎండీ గారు కళ్ళద్దాలు తీసి మడిచారు.

"అంటే మూడు రోజులుగా నాతో కలిసి దొంగను వెతుకుతున్నది నువ్వేనా?"

రాంఫల్ ముందుకు వచ్చి ఎండీ గారు కారు బానెట్ మీద పెట్టిన తాళాలు తీసుకున్నాడు. బట్టతో ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

నా ఉద్యోగం పోలేదు. ఫరీదాబాద్ గోడౌనుకు మార్చారు. ప్రమోషను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అత్తగారికి కారు నాది కాదని మా ఆవిడే చెప్పింది. అత్తగారు తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషనుకు ఆటోను తనే మాట్లాడుకున్నారు. రాంఫల్ నెల తిరక్కుండా మానేశాడని విన్నాను.

ఆయన దగ్గరికి వెళ్ళడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఒక ఆదివారం వెళ్ళాను. నిజం చెప్పాలంటే, ఆయన ఒక మంచిమాట అంటాడని వెళ్ళాను. నిజం ఒప్పుకున్నాను, ఉద్యోగంలో నష్టపోయాను, ఇంతకంటే ఏం కావాలి?

ఆయన చేతులు చూపించమన్నాడు. చూశాడు.

"ఆ పెట్టె మూల సుత్తితో కొట్టేసినావు కదూ?"

ఉలిక్కిపడ్డాను. ఆయన ఆ పెట్టెను ఎప్పుడూ చూడలేదు.

"కొట్టేశాను."

"మరి సెప్పింది దేనికి? నాను సెప్పేస్తానని బయపడి సెప్పినావు."

కాదందామనుకున్నాను. ఆ సాయంత్రం నన్ను మాట్లాడించింది భయమో, మరొకటో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. "నేను చెప్పకపోతే మీరు చెప్పేవారా?" అని అడిగాను.

ఆయన చాలాసేపు దారానికి మైనం రాస్తూ కూర్చున్నాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు.

దళంలో ఉన్నప్పుడు ఒక కొండదారిలో కంచరగాడిద పొట్ట కింద పట్టీ తెగి, బరువంతా లోయలో పడిపోయింది. దాన్ని నడిపిస్తున్న సిపాయికీ పై అధికారికీ అంతకు ముందే పడదు. తెగిన పట్టీ ఈయన ముందు పెట్టి, కత్తితో కోసిందని రాయమన్నారు. ఈయనకు ఇరవై రెండేళ్ళు. అధికారి నిలబడి ఉన్నాడు. రాశాడు, సంతకం పెట్టాడు. సిపాయికి శిక్షపడింది, నౌకరీ పోయింది. రెండేళ్ళ తర్వాత మరో పట్టీ అచ్చం అలాగే తెగింది. ఈసారి జాగ్రత్తగా చూస్తే, జీను కొక్కెం అంచు అరిగి తోలును కొరికేస్తోంది.

"అప్పుడు చెప్పలేదా మీ వాళ్ళకు?"

"సెప్పినాను. కొక్కేలు మార్పించినారు." మైనం ముక్క పక్కన పెట్టాడు. "ఆడి సంగతి ఎవులూ ఎత్తనేదు. నానూ ఎత్తనేదు."

ఆయన ఆ మాట అక్కడితో తెంపేసి, "రాంఫల్‌ని కలిసినావా?" అన్నాడు.

"లేదు."

"మరి నా దగ్గిరికి దేనికొచ్చినావు? సీటు నాదా?"

రాంఫల్ వసంత్ కుంజ్‌లో ఒక రిటైర్డు అధికారి దగ్గర పని చేస్తున్నాడని ఆయనకు తెలుసు. బ్లాకు నంబరు చెప్పాడు. తరవాతి ఆదివారం వెళ్ళాను. రాంఫల్ కారు కడుగుతున్నాడు. నన్ను చూసి కుళాయి కట్టేశాడు. క్షమించమన్నాను. మొదటి రోజే ఎందుకు చెప్పలేదు, శుక్రవారం సంగతి నీకూ తెలుసు కదా అని కూడా అడిగాను.

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు సాబ్? మీ మీదికి తోస్తున్నానంటారు. మీరు చెప్తారనుకున్నాను." తడి బట్ట పిండాడు. "మీరు మూడో రోజు చెప్పారు. రెండో రోజు మా నాన్న ఊరి నుంచి వచ్చాడు. రాంఫల్, నిజం చెప్పు, నువ్వే కోశావా అని అడిగాడు. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు ఆయన. కాదన్నాను. సరేనన్నాడు. కానీ అడిగాడు కదా సాబ్."

క్షమించానని అతను అనలేదు. మంచినీళ్ళు ఇచ్చాడు, తాగి వచ్చేశాను.

ఆ మాటలు ఆయనకు యథాతథంగా చెప్పాను. సూది ఆగిపోయింది. "తండ్రి అడిగినాడా," అన్నాడు. అంతే. నేను లేచి వస్తుంటే నా వెనక, ఎవరితోనో అన్నట్టు అన్నాడు: "ఆ సిపాయోడి ఊరు నాకు తెలుసు. రేవాడి టేసను దాటాక. పొద్దున్న రైలెక్కితే మజ్జాన్నానికి దిగొచ్చు."

"ఏనాడూ వెళ్ళలేదా?"

"నేదు. ఆడు నమ్మడు. నానయితే నమ్మను."

డిసెంబరులో మళ్ళీ వెళ్తే షెడ్డుకు తాళం. గ్యారేజీవాళ్ళను అడిగితే, బాబా ఎక్కడికో వెళ్ళాడు, ఎక్కడికో చెప్పలేదు అన్నారు. ఆయన తాళం వేసుకుని ఎక్కడికైనా వెళ్ళడం వాళ్ళెప్పుడూ చూడలేదట. వారం తర్వాత వచ్చాడు. ఇంకో వారం తర్వాత నేను కలిశాను. చలికి షెడ్డు ముందు ఎండలో కూర్చున్నాడు. ఈసారి నేనే ఒక ప్రశ్నను రెండుసార్లు అడగాల్సి వచ్చింది. మొదటిసారి విననట్టు ఊరుకున్నాడు.

"ఉన్నాడా మాస్టారూ, ఆ మనిషి?"

"ఉన్నాడు. పెద్దోడయిపోనాడు. సూపు ఆననేదు. నన్ను గుర్తుపట్టనేదు."

"మరి?"

"నానెవులో సెప్పినాను. ఏటి రాసి ఇచ్చినానో సెప్పినాను. కొక్కెం సంగతి సెప్పినాను. ఆల్ల కోడలూ మనవలూ అందరూ అక్కడే ఉన్నారు. అందరి ముందరా సెప్పినాను. అప్పటిదాకా గుమ్మంలోనే నిల్సున్నాను."

"నమ్మాడా?"

ఆయన తల వంచుకుని, తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"కూకోమన్నాడు," అన్నాడు.